మొక్కు తీర్చలేదని దేవుడు కష్టపెడతాడా?

ప్రశ్న: మేము నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటాము. నాకు 44 ఏళ్లు. అమీర్‌పేటలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. రోజూ ఉదయం దీపం పెట్టి, విష్ణు సహస్రనామం చదువుకున్నాకే ఇంట్లోంచి కదులుతాను. అయినా సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా మనసు నా చేతిలో ఉండదు. సంపులో నీళ్లుండవు, ట్యాంకర్ చెప్పిన వేళకు రాదు, లిఫ్టు నెలలో సగం రోజులు పనిచేయదు. మోకాలి ఆపరేషన్ అయిన మా అత్తగారికి అన్నీ మంచం దగ్గరికే అందించాలి. ఇంటర్ సెకండియర్ చదివే అబ్బాయి ఫోను వదలడు. ఒకటో తారీఖు వస్తే ఇంటి లోను కిస్తీ. అందరి మీదా అరుస్తాను, తరువాత ఒక్కదాన్నే ఏడుస్తాను. ఎదురు ఫ్లాటులోని అమ్మాయి మొన్న వేసవిలో భర్తను పోగొట్టుకుంది. "ఆ పిల్లను చూసి బుద్ధి తెచ్చుకో, నీకేం తక్కువైంది" అంటారు మా అత్తగారు. నిజమేననిపించి సిగ్గుపడతాను, మర్నాడు మళ్లీ మామూలే. ఈమధ్య ఇంకొక భయం పట్టుకుంది. మా వారి ఉద్యోగం పోయినప్పుడు చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాను. ఉద్యోగం వచ్చి రెండేళ్లు దాటినా, కోరిక తీరాక చేయవలసిన 108 మాత్రం చేయలేకపోయాను. అందుకే ఇన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయా? నా భక్తిలోనే లోపం ఉందా? మనసుకు కృతజ్ఞత అనేది ఎందుకు పట్టడం లేదు?
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చివర రాసిన భయం గురించే ముందు మాట్లాడుకుందాము, ఎందుకంటే అది లోపల ఉన్నంతకాలం మిగతా మాటలేవీ తలకెక్కవు. మొక్కు బాకీ పడిందన్న కోపంతో చిలుకూరు స్వామి మీ సంపు ఎండగట్టలేదు, మీ లిఫ్టు ఆపలేదు, మీ అత్తగారి మోకాళ్లు అరగదీయలేదు. బోర్లు ఎండిపోవడం, ట్యాంకర్ కోసం పేరు రాయించుకుని ఎదురుచూడడం మీ ఒక్క ఇంటి సంగతి కాదు. మీ అపార్ట్‌మెంటులో ఏ దేవుడికీ ఏ మొక్కూ బాకీ లేనివాళ్లకు కూడా అదే ట్యాంకర్, అదే ఆలస్యం.

చిలుకూరు స్థలపురాణం మీరు వినే ఉంటారు. ఏటా తిరుపతి వెళ్లి స్వామిని దర్శించుకునే భక్తుడు ఒకరు జబ్బుపడి, ఆ ఏడు ప్రయాణం చేయలేక కుమిలిపోతుంటే, స్వామి కలలో కనిపించి, నీవు అంత దూరం రానక్కరలేదు, నేను మీ దగ్గరి అడవిలోనే ఉన్నానని చెప్పాడని, ఆ చోట పుట్ట తవ్వితే విగ్రహం బయటపడిందని పెద్దలు చెబుతారు. రాలేకపోయిన భక్తుడి కోసం తానే దగ్గరికి వచ్చిన దేవుడు, ఆఫీసు పనితోనూ ఇంటి పనితోనూ సతమతమవుతూ రాలేకపోయిన మీ మీద పగబట్టాడని అనుకుంటే, ఆ కథను మనం విని కూడా నమ్మనట్టే అవుతుంది. ఆ గుడిలో హుండీ కూడా పెట్టలేదు. భక్తుల దగ్గర వసూలు చేసుకోవలసింది ఏదీ లేదనుకునే చోట మీరొక్కరే బాకీదారుగా భయపడుతూ నిలబడనక్కరలేదు. మొక్కు తీర్చవద్దని మాత్రం నేను అనడం లేదు. తప్పకుండా తీర్చండి. ఎలా తీర్చాలో కొంచెం ఆగి చెబుతాను.

ఇక మీ సిగ్గు సంగతి. ఎదురింటి అమ్మాయి దుఃఖం పక్కన పెట్టి చూసుకుని మీ కష్టాలు చిన్నవని మనసుకు నచ్చజెప్పాలని ఎన్నోసార్లు ప్రయత్నించారు. అది ఒక్క పూట కూడా నిలవలేదు. నిలవకపోవడం మీ లోపమని మీరు అనుకుంటున్నారు, నాకు మాత్రం ఆ పద్ధతే తప్పుగా కనిపిస్తున్నది. ఒకరి నష్టం చూసి మనకున్నదానికి తృప్తిపడాలంటే, మన తృప్తి నిలబడడానికి మనకంటె ఎక్కువ ఏడ్చేవాళ్లు ఎప్పుడూ ఒకరు కావలసి వస్తారు. ఆ అమ్మాయి రేపు తేరుకుని నాలుగు రోజులు నవ్వుతూ తిరిగితే అప్పుడు మీరు ఎవరిని చూసి ఓదార్చుకుంటారు? పైగా, అలా చూసినప్పుడల్లా మీ ఆలోచన ఆమె దగ్గర ఆగకుండా మళ్లీ మీ దగ్గరికే వచ్చేస్తున్నది. ఆమెకు ఏమి కావాలో మీకు కనిపించడం లేదు.

మీరు అకౌంట్స్ తెలిసిన మనిషి. ఆమె భర్త పీఎఫ్ ఉన్న ఉద్యోగి అయితే ఆమె చేయవలసిన కాగితాల పని ఎంత ఉంటుందో మీకు తెలుసు: పీఎఫ్ సొమ్ముకు ఫారం 20, నెలవారీ పింఛనుకు ఫారం 10డి, ఉద్యోగుల బీమాకు ఫారం 5ఐఎఫ్. వీటికి తోడు బ్యాంకు ఖాతాలు, నామినీ పత్రాలు, మరణ ధ్రువపత్రం నకళ్లు. దుఃఖంలో ఉన్న మనిషికి ఒక్కొక్క కాగితం ఒక్కొక్క కొండ. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి, ఫైలు ముందేసుకుని, ఏవి ఇచ్చారు, ఏవి ఇవ్వాలి అని ఒక కాగితం మీద రాసి పెట్టండి. మీ అత్తగారు చెప్పినట్టు ఆ పిల్లను చూడడం అంటే నా లెక్కన ఇదే.

మీ ప్రశ్నలో అసలు ముడి ఇంకొకటి ఉంది. కష్టమని అన్నామంటే కృతజ్ఞత లేనట్టేనని, కృతజ్ఞత ఉంటే ఇక కష్టం మాట నోట రాకూడదని మీరు నమ్ముతున్నారు. ఈ నగరంలోనే దీనికి జవాబు ఉంది. గోల్కొండ కోటలో రామదాసు బందీఖానా అని చూపించే గదిని మీరు చూసే ఉంటారు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న, సర్కారుకు కట్టవలసిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని, తానీషా ఏలుబడిలో ఆ గదిలో ఏళ్ల తరబడి మగ్గాడు. అక్కడ కూర్చుని ఆయన రాముణ్ణి పొగుడుతూ మాత్రమే పాడలేదు. చేయించిన నగనగకూ లెక్క చెప్పి, ఎవరి సొమ్మని ఇంత కులుకుతున్నావని నిలదీశాడు. ఆ కీర్తనలోనే కొంత దూరం వెళ్లాక, దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టాను, కోపగించుకోవద్దు అని బతిమాలుకున్నాడు. తిట్టినంత మాత్రాన ఆయన భక్తుడు కాకుండా పోలేదు, సరికదా ఆ తిట్టునే మనం ఇప్పటికీ భజనల్లో గొంతెత్తి పాడుకుంటున్నాము. నీళ్లు రానందుకు, మెట్లెక్కి మోకాళ్లు నొప్పి పుట్టినందుకు దేవుడి ముందు విసుక్కుంటే మీ భక్తికి మచ్చ పడదు. పొద్దున నిండుగా స్తోత్రం చదివి, సాయంత్రం కష్టాన్ని మాత్రం ఆయనకు చెప్పకుండా ఇంట్లోవాళ్ల మీద కక్కడం వల్లనే ఇబ్బంది వస్తున్నది.

పాతబస్తీలో పెద్దవాళ్లను "ఎలా ఉన్నారు" అని అడిగి చూడండి. ముందు "అల్లా కా షుకర్ హై" (అల్లాకు కృతజ్ఞతలు) అంటారు, ఆ వెంటనే కీళ్లనొప్పుల సంగతీ, కొడుకు నౌకరీ సంగతీ వివరంగా చెబుతారు. రెండూ ఒకే నోట వస్తాయి, ఒకటి రెండోదాన్ని అబద్ధం చేయదు. నాకు ఆ పలకరింపు ఎంతో ఇష్టం.

మీరు రోజూ చదివే సహస్రనామాన్ని కూడా ఒకసారి తలచుకోండి. భీష్ముడు ఆ వెయ్యి నామాలను ధర్మరాజుకు చెప్పింది సింహాసనం మీద కూర్చుని కాదు, అంపశయ్య మీద పడుకుని. బాణాలు ఒంట్లో ఉండగానే చెప్పాడు. అంతకు ముందు, పడిపోయిన తొలి రోజుల్లో, తల వేలాడుతున్నదని ఆధారం అడిగాడు, దాహమని నీళ్లు అడిగాడు, అర్జునుడు ఆ రెండూ అమర్చిపెట్టాడు. అంత జ్ఞాని నొప్పిని నొప్పి కాదనలేదు, దాహాన్ని దాచుకోలేదు, కావలసింది నోరు తెరిచి అడిగి పుచ్చుకున్నాడు, ఆ తరువాత అదే పడకమీంచి భగవంతుడిని వెయ్యి పేర్లతో పిలిచాడు. ఆ నామాలు చదివే మీరు సంపులో నీళ్లు లేవని బాధపడడం తప్పని ఎలా అనుకున్నారు?

మరి కృతజ్ఞత మనసుకు ఎందుకు పట్టడం లేదు? మీ వృత్తి మాటలోనే చెబుతాను. ఖర్చు పద్దులన్నీ వేసి, జమ పద్దులు ఒక్కటీ వేయకుండా పుస్తకం మూస్తే మీ ఆఫీసులో ఒప్పుకుంటారా? ఖర్చు పద్దు కొట్టేయమని ఎవరూ అనరు, జమ కూడా వేయమంటారు. మనసు తనంతట తాను జమ వేయదు, దాని అలవాటు అది. నీళ్లు రాని రోజు గుర్తుంటుంది, వచ్చిన రోజు గుర్తుండదు. అందుకే మన పెద్దలు కృతజ్ఞతను మనసుకు వదిలిపెట్టకుండా కాళ్లకూ చేతులకూ పని పెట్టారు. చిలుకూరులో కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు చాలు, తీరినందుకు మాత్రం 108 చేయాలి. అడగడానికి పట్టిన సేపటికి దాదాపు పదింతలు కృతజ్ఞతకు పట్టాలన్నమాట. ఇది ఎవరు పెట్టిన లెక్కో గాని చాలా లోతుగా ఆలోచించి పెట్టారనిపిస్తుంది. సికింద్రాబాద్ బోనాల వెనుక చెప్పుకునే చరిత్ర కూడా ఇలాంటిదే. 1813లో జంటనగరాలను మహమ్మారి పట్టి పీడిస్తున్నప్పుడు, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు అక్కడి మహాకాళికి మొక్కుకుని, తిరిగివచ్చి 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించారని చెబుతారు. ఆ మహమ్మారిని చూసినవాళ్లు ఇవాళ ఒక్కరూ లేరు, అయినా ఆషాఢం వస్తే బోనం తలకెత్తుకుని నడిచే ఆడపడుచులు ఎందరో. వాళ్లలో ఆ పొద్దున ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లు, చేతిలో డబ్బు లేనివాళ్లు, మనసు బాగాలేనివాళ్లు ఉండరా? మనసు బాగుపడ్డాక బోనం ఎత్తుదామని ఎవరూ ఆగరు.

కనుక మీరు కూడా మనసు మారేదాకా ఆగకండి. మీ పూజ అంతా ఉదయం జరుగుతున్నది, మీ అలజడి అంతా సాయంత్రం వస్తున్నది. సాయంత్రానికి కూడా కొంచెం చోటు ఇవ్వండి. ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూనే సంపు గురించి అడగడం మానేసి, కాళ్లు కడుక్కుని, సంధ్యాదీపం వెలిగించి, అక్కడ ఐదు నిమిషాలు కూర్చోండి. స్తోత్రం చదవనక్కరలేదు. ముందు ఆ రోజు మిమ్మల్ని బాధపెట్టింది ఏమిటో మామూలు మాటల్లో స్వామికి చెప్పండి, విసుగుతోనైనా సరే. తరువాత ఆ రోజు అందింది ఒక్కటి చెప్పండి. "మంచి కుటుంబాన్ని ఇచ్చావు, ఆరోగ్యాన్ని ఇచ్చావు" లాంటి మాటలు వద్దు, అవి నాలుగు రోజులకే నోటికి వచ్చేసి అర్థం పోగొట్టుకుంటాయి. మెట్రోలో జేఎన్టీయూ స్టేషన్ దాకా నిలబడి వస్తుంటే కాలేజీ అమ్మాయి ఎవరో లేచి చోటిచ్చింది, లిఫ్టు ఆగిపోయిందని వాచ్‌మన్ మీ కూరగాయల సంచి నాలుగో అంతస్తుదాకా మోసుకొచ్చి పెట్టాడు, అబ్బాయి చెప్పకుండానే నానమ్మకు మందులేశాడు – ఇలా ఆ రోజుకు మాత్రమే చెందినది ఒకటి ఉండాలి. ఏమీ దొరకని రోజు ఏమీ దొరకలేదనే చెప్పండి. దేవుడి ముందు లేని తృప్తి నటించవద్దు.

వారానికి ఒక రాత్రి, శుక్రవారమైతే బాగుంటుంది, వాటిలో నాలుగైదు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇది పూజాగదికే చెందిన మాట కాదు. రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థుల చేత పది వారాలపాటు, వారానికి ఒకసారి, కృతజ్ఞత కలిగించిన సంగతులు ఐదు వరకు రాయించారు. ఇంకొందరి చేత చికాకు పెట్టిన సంగతులు రాయించారు. మొదటి వాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తి వెలిబుచ్చారు, రాబోయే వారం మీద ఎక్కువ ఆశతో ఉన్నారు. ఇదేమీ మాయమంత్రం కాదు, మీ కిస్తీ తగ్గించదు. అయితే మీకు ఆ శాస్త్రవేత్తల విద్యార్థులకంటె ఒక మేలు ఎక్కువగా ఉంది. రాసుకున్నది చెప్పుకోవడానికి మీకు ఒకరున్నారు. ఎవరికి చెప్పాలో తెలిసిన కృతజ్ఞత బలంగా ఉంటుందని నా నమ్మకం. అందులో మనుషుల పేర్లు వచ్చినప్పుడు ఆ మనుషులకు కూడా చెప్పండి. వాచ్‌మన్ మోసిన సంచికి దేవుడి ముందు దండం పెట్టి, వాచ్‌మన్‌తో ఒక్క మంచి మాటైనా అనకపోతే అది సగమే.

ఇప్పుడు భక్తితో ఓర్చుకోనక్కరలేని సంగతులు కొన్ని. నీళ్లు, లిఫ్టు మీ సహనానికి పెట్టిన పరీక్షలు కావు, అపార్ట్‌మెంటు అసోసియేషన్ చేయవలసిన పనులు. ట్యాంకర్ ఎవరు ఏ రోజు బుక్ చేయాలో వంతులు వేసుకోవాలి, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఎప్పటిదాకా ఉందో చూడాలి, ఇంకుడు గుంత పూడిపోయి ఉంటే వానలకు ముందే తీయించాలి. కొళాయి నీళ్ల ఇబ్బంది అయితే జలమండలి 155313కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. తదుపరి మీటింగులో ఈ మాటలు మీరే లేవనెత్తండి. అలాగే ఇంట్లో పని పంపకం. మీ ఉత్తరంలో మీ వారు ఉద్యోగం పోయినప్పుడు ఒకసారి, వచ్చినప్పుడు ఒకసారి కనిపించారు, సాయంత్రం పనుల్లో ఎక్కడా కనిపించలేదు. వాళ్లమ్మగారి రాత్రి భోజనం, మందులు ఆయన వంతు చేయండి. నెత్తిన బరువు పెరిగిపోయి అరిచేవాళ్లకు కృతజ్ఞత గురించి బోధించడంకంటె ముందు ఒక బరువు దించడం న్యాయం.

శరీరం మాట కూడా మరువకండి. 44 ఏళ్ల వయసులో, నెలసరి ఆగిపోయే దశ దగ్గరపడుతున్నప్పుడు, చిన్నదానికే కోపం, ఏడుపు, నిద్రలేమి రావడం మామూలు. థైరాయిడ్, రక్తహీనత కూడా మనిషిని ఇలాగే చేస్తాయి. ఒకసారి డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్షలు చేయించుకోండి. ఏడుపు ఆగకపోయినా, బతుకు మీద విరక్తి లాంటిది కలిగినా, మానసిక ఆరోగ్య సాయానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వైద్యం చేయించుకుంటే నమ్మకం తగ్గినట్టు కాదు.

మీ అత్తగారి గురించి ఒక మాట. "నీకేం తక్కువైంది" అన్న మాట మిమ్మల్ని గాయపరిచింది, అది అనవలసిన మాట కాదు. కాని నిన్నటిదాకా తన పని తాను చేసుకున్న మనిషి మంచం మీంచి మంచినీళ్లు అడగవలసి రావడం ఆమెకూ చిన్న సంగతి కాదు. మీరు అరిచిన ప్రతిసారీ ఆ అరుపు తన వల్లనేనని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. ప్రశాంతంగా ఉన్న ఒక రోజున, "అత్తయ్యా, నా కోపం మీ మీద కాదు, అలసట వల్ల" అని చెప్పి చూడండి. సాయంత్రం దీపం దగ్గర కూర్చునేటప్పుడు ఆమె కుర్చీ కూడా అక్కడే వేయండి. కాలు కదపలేకపోయినా కష్టం చెప్పుకోవడానికీ, అందింది తలచుకోవడానికీ ఆమెకు కూడా ఒక చోటు కావాలి కదా.

మొక్కు సంగతికి వస్తాను. శుక్ర, శని, ఆదివారాల్లో చిలుకూరులో జనం ఎక్కువ, మీరు వెళ్లలేకపోవడానికి అదీ ఒక కారణమై ఉంటుంది. వారం మధ్యలో ఒక రోజు సెలవు పెట్టి పొద్దున్నే బయలుదేరండి. మీ వారిని కూడా సెలవు పెట్టమనండి, వచ్చిన ఉద్యోగం ఆయనది. 108 గడుల కార్డు తీసుకుని, పెన్సిలుతో ఒక్కొక్క గడి కొట్టుకుంటూ ఇద్దరూ తిరగండి. పరుగులాంటి నడకలో జనంతో పోటీ పడవద్దు, అలసిపోతే ఆగి, మళ్లీ మొదలుపెట్టండి. ఉద్యోగం లేని ఆ నెలల్లో ఎవరెవరు ఎలా ఆదుకున్నారో తిరుగుతూ గుర్తు చేసుకోండి: కిరాణా కొట్టులో ఖాతా పెట్టినవారు, చేబదులు ఇచ్చినవారు, రెజ్యూమె ముందుకు పంపినవారు. అన్ని గడులకూ పేర్లు దొరక్కపోవచ్చు, మీరు ఇప్పుడు అనుకున్నంత తక్కువ మాత్రం దొరకవు. ఆలస్యమైనందుకు క్షమాపణ ఒక్కసారి చెప్పుకుంటే చాలు. ఆ రోజు కొత్తగా ఏమీ అడగకండి. అబ్బాయి ఎప్‌సెట్ ర్యాంకు కోసం 11 చేయాలని మీకు తప్పక అనిపిస్తుంది, దానికి వేరే రోజు, అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లండి.